వైఫై, ఎల్‌టీఈ, జిగ్‌బీ కలిసిన నెట్‌వర్క్‌ను ఎన్‌ఎస్-3లో సిమ్యులేట్ చేయడం ఎలా?

నెట్‌వర్క్ సిమ్యులేటర్ అయిన ఎన్‌ఎస్-3లో వైఫైని విడిగా, ఎల్‌టీఈని (4జీ మొబైల్ నెట్‌వర్క్) విడిగా చక్కగా సిమ్యులేట్ చేయగలిగినవారు కూడా, ఆ రెండింటినీ ఒకే నోడ్‌లో పెట్టగానే దాదాపు ఒకే రకమైన ప్రశ్నలు అడుగుతున్నారు. ప్యాకెట్లు చేరుతున్నాయి గానీ ఏ రేడియో మీదుగా చేరుతున్నాయో తెలియడం లేదంటారు. ఎల్‌టీఈని చేర్చగానే దానితో సంబంధం లేని వైఫై ఫలితాలు ఎందుకు మారాయని అడుగుతారు. వైఫై పక్కనే జిగ్‌బీని (సెన్సర్లు వాడే తక్కువ శక్తి రేడియో) పెట్టినా ఒకదాని ప్రభావం రెండోదానిపై కనిపించడం లేదంటారు. ఈ ప్రశ్నలన్నింటికీ మూలం ఒకటే. ఇలాంటి సిమ్యులేషన్‌లో కష్టమంతా రేడియోల లోపల కాక, అవి ఒకదానితో ఒకటి కలిసే చోట ఉంటుంది. అందుకే ఈ మార్గదర్శిలో రేడియోల సిద్ధాంతాన్ని దాదాపుగా వదిలేసి, ఆ కలిసే చోట్లను ఎలా అమర్చాలో, అమర్చినది సరిగా ఉందో లేదో ఎలా తేల్చుకోవాలో మాత్రమే వివరిస్తున్నాను.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

ఎన్‌ఎస్-3లో 3.36 లేదా ఆ తర్వాతి వెర్షన్ తీసుకోండి. ఆ వెర్షన్ నుంచి బిల్డ్ వ్యవస్థ వాఫ్ నుంచి సీమేక్‌కు మారింది కాబట్టి, పాత పాఠాల్లో కనిపించే వాఫ్ ఆదేశాలు ఇప్పుడు పనిచేయవు. లినక్స్ యంత్రం, సీ++ కంపైలర్, ప్యాకెట్లను తెరిచి చూడటానికి వైర్‌షార్క్, ఫలితాలను విశ్లేషించడానికి పైథాన్ ఉంటే చాలు. బిల్డ్ మాత్రం రెండు ప్రొఫైళ్లలో చేసి, రెండింటినీ వేర్వేరు ఫోల్డర్లలో ఉంచుకోండి. కోడ్ రాసేటప్పుడు డీబగ్ ప్రొఫైల్, అసలు ప్రయోగాలు నడిపేటప్పుడు ఆప్టిమైజ్డ్ ప్రొఫైల్ వాడాలి. ఆప్టిమైజ్డ్ ప్రొఫైల్‌లో లాగ్ సందేశాలు, అసర్ట్ తనిఖీలు రెండూ పనిచేయవు. అక్కడ తప్పు చేసినా ప్రోగ్రామ్ నోరెత్తకుండా నడిచిపోవచ్చు.

మీకు 5జీ కావాలంటే, ఎన్‌ఎస్-3తో పాటు రాని 5జీ-లీనా మాడ్యూల్‌ను విడిగా తెచ్చి కాంట్రిబ్ ఫోల్డర్‌లో పెట్టుకోవాలి. మీ బృందం ఇప్పటికే ఓమ్‌నెట్++ అనే మరో సిమ్యులేటర్ వాడుతూ ఉంటే అక్కడ ఐనెట్ అనే ప్రోటోకాల్ లైబ్రరీతో పాటు 5జీకి సిము5జీ ఉంది, వాహనాల నెట్‌వర్క్ అయితే రోడ్డు ట్రాఫిక్ సిమ్యులేటర్ సుమోతో కలిసి పనిచేసే వీన్స్ ఉంది. కింది దశల్లో మాడ్యూళ్ల పేర్లు ఎన్‌ఎస్-3వే అయినా, తనిఖీలలో చాలావరకు ఏ సిమ్యులేటర్‌కైనా వర్తిస్తాయి.

వీటితో పాటు ఒక కాగితం కూడా కావాలి. ప్రతి నోడ్‌ను గీసి, దానికి ఎన్ని ఇంటర్‌ఫేస్‌లున్నాయో, ఒక్కోదాని ఐపీ చిరునామా ఏమిటో, అవతలి కొసన ఏముందో రాసుకోండి. ఏడో దశకు వచ్చేసరికి ఈ బొమ్మ లేనివారు ఎక్కువ సమయం పోగొట్టుకుంటారు.

1. రేడియోలు ఎక్కడ కలుస్తాయో నిర్ణయించుకోండి

రెండు రేడియో టెక్నాలజీలు మూడు చోట్ల కలవవచ్చు. మొదటిది పరికరం లోపల: ఒకే ఫోన్‌లో వైఫై, ఎల్‌టీఈ రెండూ ఉండి, ఏదో ఒకదాన్ని ఎంచుకోవలసి రావడం. రెండోది గాలిలో: 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో వైఫై, జిగ్‌బీ ఒకదాని సిగ్నల్‌ను మరొకటి చెడగొట్టడం. మూడోది వెనుకనున్న నెట్‌వర్క్‌లో: ఎల్‌టీఈ గేట్‌వే నుంచి, వైఫై యాక్సెస్ పాయింట్ నుంచి వచ్చే ట్రాఫిక్ ఒకే సర్వర్‌కు చేరడం.

మీ ప్రశ్న వీటిలో దేనికి సంబంధించినదో ఒక వాక్యంలో రాసుకోండి. లైసెన్సు బ్యాండ్‌లోని ఎల్‌టీఈ, 2.4 గిగాహెర్ట్జ్‌లోని వైఫై గాలిలో కలవవు. వాటిని బలవంతంగా ఒకే ఛానెల్ మీద పెట్టడం వల్ల సిమ్యులేషన్ నెమ్మదించడం తప్ప ప్రయోజనం ఉండదు. దీనికి భిన్నంగా, వైఫై, జిగ్‌బీలను వేర్వేరు ఛానెళ్ల మీద పెడితే మీరు కొలవాలనుకున్న విషయమే మాయమవుతుంది.

2. ఒక్కో రేడియోను విడిగా నడిపి, అంకెలు భద్రపరచండి

ఎల్‌టీఈకి లీనా-సింపుల్-ఈపీసీ, వైఫైకి వైఫై-సింపుల్-ఇన్‌ఫ్రా అనే ఉదాహరణ ప్రోగ్రామ్‌లను స్క్రాచ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసి, మీ దూరాలు, మీ ట్రాఫిక్‌తో నడపండి. థ్రూపుట్ (సెకనుకు అందిన డేటా), సగటు ఆలస్యం, ప్యాకెట్ నష్టం రాసుకోండి. తర్వాత రెండు రేడియోలను కలిపి, ఒకదానికి ట్రాఫిక్ ఇవ్వకుండా నడిపినప్పుడు రెండోది దాదాపు ఇవే అంకెలు ఇవ్వాలి. ఈ దశను దాటవేసినవారికి తర్వాత ఏది ఎప్పుడు చెడిందో తెలుసుకునే మార్గం ఉండదు.

3. ఛానెల్‌ను ఎంచుకోండి

ఎన్‌ఎస్-3లో వైఫైకి రెండు రకాల ఫిజికల్ లేయర్లు ఉన్నాయి. యాన్స్ అనేది తేలికైనది, వేగంగా నడుస్తుంది; అయితే దానికి వైఫై సిగ్నళ్లు తప్ప మరేవీ కనిపించవు. స్పెక్ట్రమ్ వైఫై నెమ్మదిగా నడిచినా, ఇతర టెక్నాలజీల సిగ్నళ్లను శబ్దంగా లెక్కలోకి తీసుకుంటుంది. రేడియోలు పరికరంలోనో వెనుక నెట్‌వర్క్‌లోనో మాత్రమే కలిస్తే యాన్స్ చాలు. గాలిలో కలిస్తే స్పెక్ట్రమ్ తప్పనిసరి.

గాలిలో కలిసే సందర్భంలో మల్టీ మోడల్ స్పెక్ట్రమ్ ఛానెల్‌ను మీరే ఒకటి సృష్టించి, ఆ ఒక్క వస్తువునే (ఆబ్జెక్ట్) వైఫై హెల్పర్‌కూ (పరికరాలను అమర్చిపెట్టే సీ++ క్లాస్), జిగ్‌బీకి ఆధారమైన 802.15.4 హెల్పర్‌కూ అందించాలి. అందించకపోతే 802.15.4 హెల్పర్ తనంతట తానే వేరే ఛానెల్‌ను తయారుచేసుకుంటుంది. అప్పుడు రెండు నెట్‌వర్క్‌లూ ఒకే గదిలో ఉన్నట్టు కోడ్‌లో కనిపించినా ఒకదాని మాట ఒకదానికి వినబడదు. ఎర్రర్ ఏమీ రాదు.

ఛానెల్ ఒకటే అయినా ఫ్రీక్వెన్సీలు కలవకపోవడం మరో సాధారణ పొరపాటు. 802.15.4 ఛానెళ్లు 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 11 నుంచి 26 వరకు, 5 మెగాహెర్ట్జ్ ఎడంతో ఉంటాయి; 11వ ఛానెల్ మధ్య ఫ్రీక్వెన్సీ 2405 మెగాహెర్ట్జ్. వైఫై 6వ ఛానెల్ 2437 మెగాహెర్ట్జ్ కేంద్రంగా, 20 మెగాహెర్ట్జ్ వెడల్పుతో ఉంటుంది. ఏమీ మార్చకపోతే 802.15.4 పరికరం 11వ ఛానెల్‌లోనే ఉండిపోతుంది కాబట్టి, వైఫైని 6లో పెట్టి ప్రభావం కనిపించలేదనడం సబబు కాదు. వైఫై 6వ ఛానెల్‌తో నేరుగా కలిసేవి 802.15.4లోని 16, 17, 18, 19 ఛానెళ్లు. వైఫై విషయంలోనూ బ్యాండ్, ఛానెల్ సంఖ్య, వెడల్పు మూడింటినీ ఛానెల్ సెట్టింగ్స్ లక్షణంలో స్పష్టంగా రాయండి. డిఫాల్ట్‌కు వదిలేస్తే, మీరు ఎంచుకున్న ప్రమాణాన్ని బట్టి రేడియో 5 గిగాహెర్ట్జ్‌కు వెళ్లిపోవచ్చు.

4. నోడ్‌లకు స్థానాలివ్వండి

మొబిలిటీ మోడల్‌ను రేడియో పరికరాలకంటే ముందే ఇన్‌స్టాల్ చేయండి. రెండు రేడియోలున్న నోడ్‌కు మొబిలిటీ మోడల్ ఒక్కటే ఉండాలి. వైఫై కోసం ఒకసారి, ఎల్‌టీఈ కోసం మరోసారి ఇన్‌స్టాల్ చేయడం మానుకోండి.

5. పాత్ లాస్‌ను చేతితో లెక్కించి చూడండి

ఇక్కడ కొంచెం ఆగాలి. పాత్ లాస్ అంటే దారిలో సిగ్నల్ కోల్పోయే బలం. వైఫై ఛానెల్ హెల్పర్ డిఫాల్ట్‌గా ఇచ్చే లాగ్ డిస్టెన్స్ మోడల్‌లో ఎక్స్‌పోనెంట్ (దూరంతో నష్టం పెరిగే తీరును చెప్పే సంఖ్య) 3, ఒక మీటరు దూరంలో నష్టం 46.68 డెసిబెల్‌లు. ఆ 46.68 అనేది 5.15 గిగాహెర్ట్జ్‌కు సంబంధించిన విలువ. 2.4 గిగాహెర్ట్జ్‌లో అది సుమారు 40 డెసిబెల్‌లు మాత్రమే. ఈ ఒక్క అంకెను మార్చకుండా 2.4 గిగాహెర్ట్జ్ వైఫైని ఎల్‌టీఈతో పోల్చితే, వైఫైకి ఉచితంగా ఆరున్నర డెసిబెల్‌ల శిక్ష వేసినట్టే.

50 మీటర్ల దూరానికి లెక్క వేసి చూద్దాం. దూరం వల్ల అదనపు నష్టం 30 లాగ్ 50, అంటే దాదాపు 51 డెసిబెల్‌లు. డిఫాల్ట్ మోడల్‌లో మొత్తం నష్టం 97.6 అవుతుంది. వైఫై డిఫాల్ట్ ప్రసార శక్తి 16 డీబీఎమ్ కాబట్టి అందే సిగ్నల్ సుమారు మైనస్ 81.6 డీబీఎమ్. శబ్దం సంగతికి వస్తే, హెర్ట్జ్‌కు మైనస్ 174 డీబీఎమ్‌కు 20 మెగాహెర్ట్జ్ వెడల్పు వల్ల 73, రిసీవర్ నాయిస్ ఫిగర్ వల్ల 7 కలిపితే మైనస్ 94 డీబీఎమ్. సిగ్నల్‌కూ శబ్దానికీ తేడా 12 డెసిబెల్‌లు. అదే లెక్కను 40తో వేస్తే తేడా 19 డెసిబెల్‌లు వస్తుంది. ఈ రెండు విలువలకు వైఫై ఎంచుకోగల డేటా రేటులో ఉన్న అంతరం, మీ పత్రంలోని ముగింపునే తారుమారు చేయగలిగినంత పెద్దది.

ఎల్‌టీఈ మాడ్యూల్ తన పాత్ లాస్ మోడల్‌కు ఫ్రీక్వెన్సీ అనే లక్షణం ఉంటే, దాన్ని క్యారియర్‌ను బట్టి తానే అమర్చుకుంటుంది. లాగ్ డిస్టెన్స్‌కు అలాంటి లక్షణం లేదు కాబట్టి ఆ పని మీదే. ఒక రేడియోకు ఫ్రిస్ మోడల్, మరోదానికి లాగ్ డిస్టెన్స్ మోడల్ వాడి, వచ్చిన తేడాను టెక్నాలజీల తేడాగా చెప్పడం పూర్తిగా తప్పు. రెండింటి పర్యావరణం ఒకటేనని చెప్పదలచుకుంటే ఎక్స్‌పోనెంట్ ఒకటే ఉంచి, మొదటి మీటరు నష్టాన్ని మాత్రం ఆయా ఫ్రీక్వెన్సీకి తగినట్టు ఇవ్వండి.

6. పరికరాలను సరైన వరుసలో అమర్చండి

ఎల్‌టీఈ భాగంలో వరుస ముఖ్యం: ఈనోడ్‌బీ (బేస్ స్టేషన్), యూఈ (ఫోన్ వంటి వినియోగదారు వైపు) పరికరాలను ఇన్‌స్టాల్ చేయడం, యూఈ నోడ్‌లకు ఇంటర్నెట్ స్టాక్ ఇవ్వడం, ఈపీసీ (ఎల్‌టీఈ కోర్ నెట్‌వర్క్) హెల్పర్ ద్వారా ఐపీ చిరునామాలు కేటాయించడం, ఆ తర్వాతే అటాచ్ చేయడం. అటాచ్ సమయంలోనే డిఫాల్ట్ బేరర్ (యూఈ డేటా వెళ్లే దారి) ఏర్పడుతుంది కాబట్టి, అప్పటికి చిరునామా ఉండి తీరాలి. వైఫై ఉన్న నోడ్‌కు ఇంటర్నెట్ స్టాక్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయవద్దు. ఒక నోడ్‌కు ఒక్కసారే.

జిగ్‌బీ విషయంలో 802.15.4 ఫ్రేమ్ పరిమాణం 127 బైట్లు మాత్రమే. దాని మీద ఐపీవీ6 నడపాలంటే మధ్యలో, ప్యాకెట్లను కుదించి ముక్కలు చేసే 6లోప్యాన్ పొరను చేర్చాలి. సెన్సర్ వైపు 6లోప్యాన్, బయటి వైపు వైఫై లేదా ఎల్‌టీఈ ఉన్న గేట్‌వే నోడ్‌ను పెట్టడం వాడుకలో ఉన్న పద్ధతి.

7. చిరునామాలు, రూట్‌లు

ఎక్కువ మంది చిక్కుకునేది ఇక్కడే. ఎల్‌టీఈ యూఈలకు ఈపీసీ హెల్పర్ 7.0.0.0 నెట్‌వర్క్ నుంచి చిరునామాలు ఇస్తుంది. తన అంతర్గత లింకులకు 10.0.0.0, 12.0.0.0, 13.0.0.0, 14.0.0.0తో మొదలయ్యేవి వాడుకుంటుంది. మీ వైఫైకి 192.168తో మొదలయ్యేవి ఇస్తే చిరునామాల ఢీ ఉండదు.

గ్లోబల్ రూటింగ్ హెల్పర్‌తో టేబుళ్లను నింపేసే అలవాటును ఇక్కడ మానుకోండి. అది వైర్డు నెట్‌వర్క్‌లను దృష్టిలో పెట్టుకుని చేసినది. వైర్‌లెస్ ఛానెల్‌లో ఎవరు ఎవరికి అందుతారో దానికి తెలియదు. స్టాటిక్ రూటింగ్ వాడండి.

ఉదాహరణ ప్రోగ్రామ్‌లో యూఈకి డిఫాల్ట్ రూట్ ఇచ్చేటప్పుడు ఇంటర్‌ఫేస్ సంఖ్యగా 1 అని నేరుగా రాసి ఉంటుంది. సున్నా లూప్‌బ్యాక్‌ది, యూఈకి ఉన్నది ఒకే రేడియో కాబట్టి అక్కడ 1 సరైనదే. మీరు ఆ నోడ్‌కు ముందుగా వైఫై చిరునామా ఇచ్చి ఉంటే 1 వైఫైది అవుతుంది, ఎల్‌టీఈ 2కు జరుగుతుంది. ఎల్‌టీఈ గేట్‌వే చిరునామాను వైఫై ఇంటర్‌ఫేస్‌కు అంటగట్టినట్టవుతుంది, ప్యాకెట్లు ఏఆర్‌పీ (ఐపీ చిరునామాకు తగిన హార్డ్‌వేర్ చిరునామాను వెతికే ప్రోటోకాల్) దగ్గరే ఆగిపోతాయి. సంఖ్యను చేతితో రాయకుండా, పరికరాన్ని ఇచ్చి దాని ఇంటర్‌ఫేస్ సంఖ్యను ఐపీవీ4 వస్తువునే అడగండి.

తిరుగు దారిని కూడా మరవకండి. రిమోట్ హోస్ట్‌లో 7.0.0.0కు పీజీడబ్ల్యూ (ఎల్‌టీఈ గేట్‌వే) మీదుగా ఒక రూట్, వైఫై నెట్‌వర్క్‌కు యాక్సెస్ పాయింట్ మీదుగా మరో రూట్ ఉండాలి. ఏ రేడియో వాడాలో మీరే నిర్ణయించాలనుకుంటే సాకెట్‌ను ఆ పరికరానికి బైండ్ చేయండి. మూల చిరునామాను మాత్రమే బైండ్ చేసి రూట్‌ను వదిలేస్తే, వైఫై చిరునామా మోసుకుంటూ ప్యాకెట్ ఎల్‌టీఈ మీదుగా బయలుదేరే అవకాశం ఉంది.

8. ట్రాఫిక్ మొదలుపెట్టండి

వైఫై అసోసియేషన్, ఎల్‌టీఈ కనెక్షన్, ఏఆర్‌పీ పూర్తయ్యే దాకా ఆగి, అప్లికేషన్లను ఒకటి రెండు సెకన్ల తర్వాత మొదలుపెట్టండి. ముందు స్థిర రేటు యూడీపీతో పరీక్షించి, అన్నీ సరిపోలాక టీసీపీకి వెళ్లండి.

టీసీపీకి మారగానే ఎల్‌టీఈ వేగం అనుమానం కలిగించేంత తగ్గితే, తప్పు టీసీపీది కాకపోవచ్చు. ఎల్‌టీఈలోని ఆర్‌ఎల్‌సీ పొర అన్‌అక్‌నాలెడ్జ్డ్ మోడ్‌లో (అందినట్టు రసీదు కోరని పద్ధతి) ప్రసార బఫర్ డిఫాల్ట్ పరిమాణం 10 కిలోబైట్లు మాత్రమే. వైఫై క్యూలు అంతకంటే చాలా పెద్దవి కాబట్టి, ఈ బఫర్‌ను పెంచకుండా రెండింటినీ పోల్చడం న్యాయం కాదు. ఎంతకు పెంచారో ఫలితాల పక్కనే రాయండి.

9. ప్యాకెట్ ఏ రేడియో మీదుగా వెళ్లిందో రుజువు చేసుకోండి

ఏ రేడియో మీదుగా వచ్చిందో చూపించలేని థ్రూపుట్ అంకెను ఎవరికీ ఇవ్వకండి. రుజువుకు మూడు మార్గాలున్నాయి, వీలైతే మూడూ చేయండి. మొదటిది, సిమ్యులేషన్ మధ్యలో ఒక ఇంటర్‌ఫేస్‌ను డౌన్ చేయడం: మీరు ఎల్‌టీఈ మీద నడుస్తోందనుకున్న ట్రాఫిక్, వైఫైని ఆపితే ఆగిందంటే సమాధానం దొరికినట్టే. రెండోది, వైఫై పరికరం మీద పీక్యాప్ (ప్యాకెట్ల రికార్డు ఫైలు) తీసి వైర్‌షార్క్‌లో చూడటం. ఎల్‌టీఈ వైపు పీడీసీపీ (ఎల్‌టీఈ రేడియోలో ఐపీకి కింది పొర) గణాంకాల ఫైలులో బైట్లు పెరుగుతున్నాయో చూడటం.

మూడోది గరిష్ఠ పరిమితితో పోల్చడం. డిఫాల్ట్‌గా ఎల్‌టీఈ మాడ్యూల్ 25 రిసోర్స్ బ్లాకులు, అంటే 5 మెగాహెర్ట్జ్ వాడుతుంది. ఒకే యాంటెన్నాతో ఒక మిల్లీసెకనులో పంపగలిగే గరిష్ఠ ట్రాన్స్‌పోర్ట్ బ్లాకు 18,336 బిట్లు, అంటే సెకనుకు 18.3 మెగాబిట్లు. ఈ అమరికలో మీ ఎల్‌టీఈ యూఈ 25 మెగాబిట్లు అందుకుంటోందంటే, సంబరపడకుండా రూటింగ్ టేబుల్‌ను ప్రింట్ చేసి చూడండి.

గాలిలో కలిసే నెట్‌వర్క్‌కు వేరే పరీక్ష ఉంది. వైఫైని 6వ ఛానెల్‌లో నిండుగా నడుపుతూ, జిగ్‌బీని ఒకసారి 18లో, ఒకసారి 26లో పెట్టి ప్యాకెట్ల చేరిక రేటును పోల్చండి. 18లో స్పష్టంగా తగ్గాలి, 26లో దాదాపు చెక్కుచెదరకూడదు. రెండూ ఒకేలా ఉంటే మూడో దశకు తిరిగి వెళ్లండి. అయితే ప్రభావం రెండు వైపులా సమానంగా ఉండదని గుర్తుంచుకోండి. జిగ్‌బీ డిఫాల్ట్ ప్రసార శక్తి 0 డీబీఎమ్; వైఫై తనది కాని సిగ్నల్‌ను మైనస్ 62 డీబీఎమ్ దాటితేనే ఛానెల్ ఖాళీగా లేదని భావిస్తుంది. కొద్ది మీటర్ల దూరం దాటితే జిగ్‌బీ ఉనికి వైఫైకి తెలియను కూడా తెలియదు. వైఫై శక్తి 20 మెగాహెర్ట్జ్‌లో పరుచుకుంటుంది, జిగ్‌బీ అందులో 2 మెగాహెర్ట్జ్ మాత్రమే వింటుంది. అంటే 16 డీబీఎమ్‌లో దాదాపు 6 డీబీఎమ్ దాని వాటాకు వస్తుంది. మీ ఫలితాల్లో జిగ్‌బీ వల్ల వైఫై కుప్పకూలుతోందంటే, ముందుగా అనుమానించవలసింది మీ అమరికనే.

10. ఫ్లో మానిటర్‌ను జాగ్రత్తగా వాడండి

ఒక్కో ట్రాఫిక్ ప్రవాహానికి విడిగా గణాంకాలు తీసే ఫ్లో మానిటర్‌ను అన్ని నోడ్‌లలో ఇన్‌స్టాల్ చేస్తే, ఎల్‌టీఈ కోర్‌లో యూఈ ప్యాకెట్లను తమ లోపల మోసే జీటీపీ టన్నెళ్లు కూడా యూడీపీ పోర్టు 2152తో వేరే ఫ్లోలుగా కనిపిస్తాయి. వాటినీ కలిపి కూడితే అదే డేటాను రెండుసార్లు లెక్కించినట్టవుతుంది. యూఈ నోడ్‌లలో, రిమోట్ హోస్ట్‌లో మాత్రమే ఇన్‌స్టాల్ చేయండి. ఫ్లో మానిటర్ బైట్లలో ఐపీ హెడర్లు కూడా ఉంటాయి కాబట్టి, దాన్ని అప్లికేషన్ స్థాయి థ్రూపుట్‌తో నేరుగా పోల్చరాదు.

11. రేడియో మారే సన్నివేశం కావాలంటే

ఎల్‌టీఈ మాడ్యూల్‌లో ఉన్న హ్యాండోవర్ అల్గారిథమ్‌లు ఒక ఈనోడ్‌బీ నుంచి మరో ఈనోడ్‌బీకి మారడానికే. వైఫై నుంచి ఎల్‌టీఈకి మారే తర్కాన్ని మీరే రాయాలి. సులువైన పద్ధతి, వైఫై స్టేషన్‌లోని అసోసియేషన్, డీఅసోసియేషన్ ట్రేస్‌లకు ఒక ఫంక్షన్‌ను తగిలించి, అందులో డిఫాల్ట్ రూట్‌ను మార్చడం. ఇందులో ఒక ఉచ్చు ఉంది. స్టేషన్ డిఫాల్ట్‌గా 10 బీకన్‌లు (యాక్సెస్ పాయింట్ క్రమం తప్పకుండా పంపే సంకేతాలు) అందకపోతేనే సంబంధం తెగిందని ప్రకటిస్తుంది. బీకన్‌ల మధ్య వ్యవధి 102.4 మిల్లీసెకన్లు. అంటే ఆ ట్రేస్ మోగేసరికే సెకను పైగా ట్రాఫిక్ పోయి ఉంటుంది. ఆ విరామాన్ని మీ అల్గారిథమ్ లోపంగా చూపకుండా ఉండాలంటే, అందుకున్న బీకన్‌ల సిగ్నల్ బలాన్ని గమనిస్తూ ముందే మారండి. వెళ్లే హద్దుకూ తిరిగొచ్చే హద్దుకూ కొన్ని డెసిబెల్‌ల తేడా పెట్టండి, లేకపోతే నోడ్ అటూ ఇటూ ఊగిసలాడుతూనే ఉంటుంది. మారినప్పుడు ఐపీ చిరునామా కూడా మారుతుంది కాబట్టి, పాత టీసీపీ కనెక్షన్ కొనసాగదు. యూడీపీతో మొదలుపెట్టడమే మేలు.

12. పలుమార్లు నడిపి పోల్చండి

సీడ్‌ను (యాదృచ్ఛిక సంఖ్యల ప్రారంభ విలువ) అలాగే ఉంచి, రన్ సంఖ్యను మాత్రం మారుస్తూ నడపండి. 10 రన్‌లు నడిపితే, 95 శాతం విశ్వాస అంతరం సగటుకు అటూ ఇటూ 2.262ను ప్రామాణిక విచలనంతో గుణించి, 10 వర్గమూలంతో భాగించినంత ఉంటుంది. రెండు అంతరాలు ఒకదానిపై ఒకటి గణనీయంగా పడుతుంటే, ఒక పద్ధతి మెరుగని రాసేముందు రన్‌లు పెంచండి.

ఎల్‌టీఈని చేర్చగానే వైఫై అంకెలు మారడానికి కారణం సాధారణంగా ఇక్కడే దొరుకుతుంది. ఎన్‌ఎస్-3లో యాదృచ్ఛిక సంఖ్యల స్ట్రీమ్‌లు, వస్తువులు సృష్టింపబడిన వరుసను బట్టి కేటాయింపబడతాయి. ముందు కొత్త పరికరాలను చేర్చితే తర్వాతి వాటన్నింటికీ వేరే స్ట్రీమ్‌లు వస్తాయి; నోడ్‌ల కదలికలు కూడా మారిపోవచ్చు. మొబిలిటీకి, వైఫైకి, ఎల్‌టీఈకి అసైన్ స్ట్రీమ్స్ ద్వారా ఒకదానికొకటి దూరంగా ఉండే స్థిరమైన సంఖ్యలు ఇవ్వండి. అప్పుడు ఎల్‌టీఈ ఉన్న రన్‌లోనూ, లేని రన్‌లోనూ నోడ్‌లు ఒకే దారిలో నడుస్తాయి, పోలికకు అర్థం ఉంటుంది. ఇంత చేశాక కూడా వైఫై మారితే, అప్పుడు అది నిజమైన ప్రభావమో, రూటింగ్ తప్పో వెతకండి.

నోడ్‌ల సంఖ్య పెంచేటప్పుడు మరో రెండు విషయాలు ఎదురవుతాయి. ఎల్‌టీఈ ట్రాఫిక్ లేకపోయినా ప్రతి మిల్లీసెకనుకూ పనిచేస్తుంది కాబట్టి, సిమ్యులేషన్ వ్యవధిని వైఫై ప్రయోగాల అలవాటుతో నిర్ణయించవద్దు. అవసరం లేని ఎల్‌టీఈ ట్రేస్‌లను ఆపేయండి. ఒక ఈనోడ్‌బీకి కొన్ని డజన్ల యూఈలను అతికించగానే ప్రోగ్రామ్ ఆగిపోతే ఎస్‌ఆర్‌ఎస్ పీరియాడిసిటీని (యూఈలు పంపే ఛానెల్ పరీక్షా సంకేతాల మధ్య వ్యవధి) చూడండి. దాని డిఫాల్ట్ 40. 80, 160, 320 దాకా పెంచుకోవచ్చు.